అరగదీసిన బెండ్లు

“ఆ పైపుల కొట్టు డ్వేన్ హాలిస్ నా కొంప ముంచాడు బావా!” ఒహాయోలో ఒక కాఫీ హోటల్లో ప్లంబింగ్ కాంట్రాక్టరు తన అక్క మొగుడితో అన్నాడు.

“ఏం చేశాడ్రా?”

“సర్కారు ఇళ్ళకి అమెరికా ఇనుమే వాడాలని రూలు కదా? వాడు పైపుల మలుపులకి వేసే ఇనప బెండ్లలో సగం చైనావి కలిపి అమ్మాడు.”

“బెండు మీదే దేశం పేరు పోతపోసి ఉంటుందిగా!”

“ఉంది. గ్రైండరుతో అరగదీశాను.”

“అఘోరించావు!”

“సగమే నున్నగా ఉంటే ఇన్‌స్పెక్టరుకి అనుమానం రాదూ? అందుకే అమెరికావి కూడా అరగదీశాను.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆయనేమన్నాడు?”

“ఒక్కదాని మీదా అమెరికాదని గుర్తు లేదు, గోడలు పగలగొట్టి అన్నీ మార్చమన్నాడు.”

“డ్వేన్‌ని డబ్బు అడగకపోయావా?”

“అడిగాను. చైనా అని ఎక్కడుందో చూపిస్తే వెనక్కి తీసుకుంటానన్నాడు. మొత్తం పదకొండు వేల నాలుగు వందల డాలర్లు వదిలాయి, బావా!”