జేబులో గ్యాస్ మాత్రలు

బట్టలు ఉతికే మిషన్ ముందు కోడలు, తలుపు దగ్గర మామగారు.

"ఇదేంటి మామయ్యా?"

"ఏది?"

"మీ చొక్కా జేబులో దొరికింది."

"చాక్లెట్ కాగితమేమో."

"చాక్లెట్ మీద పరగడుపున వేసుకోమని రాస్తారా?"

"ఈమధ్య అన్నిటి మీదా ఏదో ఒకటి రాస్తున్నారమ్మా."

"గ్యాస్ మాత్రలు. పదిలో ఒక్కటే మిగిలింది. పేపర్ల కట్ట వెనక గులాబీ రంగు సీసా కూడా చూశాను. అదేంటి, అత్తరా?"

"అబ్బ! నీకు ల్యాబులో ఉద్యోగం కాదు, పోలీసుల్లో ఇవ్వాల్సింది."

"మంట ఎన్నాళ్ళ నుంచి?"

"మంటా గింటా ఏం లేదు. కాస్త... అలా... పైకొస్తుంది, పోతుంది."

"నా వంట వల్లేగా?"

"ఛఛ! నీ వంటకేం, అమృతం."

"నిజం చెప్పండి."

"కొంచెం కారం ఎక్కువవుతోందేమోనని... కొంచెమే! పొరపాటున నోరు జారాను, వదిలెయ్."

"ఆ సీసా చూసిన దగ్గర్నుంచి, మూడు వారాలుగా మీ కూర విడిగా వండుతున్నాను మామయ్యా. అందులో కారమే వెయ్యట్లేదు."

"ఆఁ? అందుకా అంత చప్పగా ఏడుస్తోంది!"

"మరి రోజూ భేష్ అన్నారు?"

"అనక చస్తానా?"

"నవ్వించకండి. కారం లేకపోయినా మంట ఉందంటే ఇంకేదో మింగుతున్నారు."

"ఏం లేదు."

"మామయ్యా."

"మోకాలికి... ఒక నొప్పి మాత్ర."

"రోజుకి ఒకటా?"

"ఒకటే. పొద్దున ఒకటి. సాయంత్రం ఒకటి. మెట్లెక్కే ముందు ఇంకోటి."

"ఏ డాక్టరు రాశాడు?"

"పక్కింటి డ్రైవరుకి రాశాడు. అతనికి భేషుగ్గా తగ్గింది."

"దేవుడా! తిని వేసుకుంటున్నారా, ఖాళీ కడుపునా?"

"తిన్నాక మెట్లెక్కితే ఆయాసమమ్మా."

"అంటే ఖాళీ కడుపునే. ఆ మాత్ర కడుపులో పుండు చేస్తుంది. పైనుంచి ఈ మాత్రతో దాన్ని కప్పెడుతున్నారు. ఒకటి అడుగుతాను, సిగ్గుపడకుండా చెప్పండి. పొద్దున దొడ్డికి ఏ రంగులో వస్తోంది?"

"కోడలు అడగాల్సిన మాటేనా అది?"

"రోజుకి నలభై డబ్బాలు పరీక్ష చేస్తాను, నాకేం సిగ్గు లేదు. చెప్పండి."

"...నల్లగా. తారులా. నిన్నటి నుంచే."

"చెప్పులేసుకోండి."

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. లోపల రక్తం పోతోంది మామయ్యా. దాంతో ఆటలాడకూడదు. ఇప్పుడే, ఈ నిమిషమే."

"ఎల్లుండి వెళ్దాం. రేపు నాకు పనుంది."

"రిటైరయి నాలుగేళ్ళయింది, ఏం పని?"

"ఐదో అంతస్తు ఎక్కాలి. అక్కడ లిఫ్టు లేదు."

"ముప్ఫై ఏళ్ళు లిఫ్టులు బాగు చేసిన మనిషి, లిఫ్టు లేని బిల్డింగు ఎక్కడం దేనికి?"

"రెండు నెలల నుంచి ఎక్కుతున్నా. రేపు ఆపితే అంతా చెడుతుంది."

"అక్కడెవరున్నారు?"

"ఉన్నాడులే ఒక మొండిఘటం."

"ఎవరు?"

"మా వియ్యంకుడు."

"...మా నాన్నా?"

"ఆయనే. పెళ్ళయిన దగ్గర్నుంచి నీ మొహం చూడనని కూర్చున్నాడుగా. నేనూ లిఫ్టుల మనిషినేగా, ఇరుక్కున్న తలుపు ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో చూద్దామనుకున్నా. రెండు నెలలు లోపల్నుంచే 'వెళ్ళండి' అన్నాడు. ఇవాళ తీశాడమ్మా. రేపు అమ్మాయిని తీసుకురమ్మన్నాడు."

"నాతో ఒక్క మాట చెప్పలేదే!"

"తీస్తాడో లేదో తెలియకుండా నీకేం చెప్పను? ఏడవకు తల్లీ. రేపొక్కరోజు ఎక్కేస్తే..."

"మీరు ఇక ఒక్క మెట్టు కూడా ఎక్కడానికి వీల్లేదు. ఆ ఫోను ఇటివ్వండి, ఆసుపత్రికి రమ్మని నేనే చెప్తాను. ఈసారి మెట్లు దిగాల్సింది మా నాన్న."