కుర్చీ మీద చెయ్యి

మధ్యాహ్నం. తెర వేసిన ముందు గది. స్టాండు మీద కెమెరా పెట్టి ఆవిడ తన ఫొటో తానే తీసుకుంటోంది. ఆవిడ కూర్చున్న కుర్చీ వెనక భర్త, గడియారాలు బాగుచేసే షాపాయన.

"మళ్ళీ కదిలారు."

"నేనా? లేదే."

"ఇటొచ్చి చూడండి. నా మొహం రాయిలా నిలిచింది. కిటికీ తెర గాలికి ఊగి, నేననుకున్నట్టే పొగలా వచ్చింది. కుర్చీ మీద చెక్క చారలు కూడా కనపడుతున్నాయి. మీ చెయ్యి మాత్రం నానిన దూదిలా ఉంది."

"ఫ్యాను గాలికి..."

"ఫ్యాను గాలికి తెర కదులుతుంది. చెయ్యి కదులుతుందా?"

"అసలు నీ ఫొటో నువ్వు తీసుకుంటూ మధ్యలో నా చెయ్యెందుకు?"

"వట్టి మొహమైతే పాస్‌పోర్టు ఫొటోలా ఉంది. నా వెనక ఒక చెయ్యి ఉండాలి, మనిషి కనపడకూడదు. ఎన్నిసార్లు చెప్పను?"

"అందరిలా ఒక్క క్షణంలో క్లిక్కుమనిపించరాదూ."

"అలా తీస్తే తెర పొగలా రాదు. అర నిమిషం షట్టరు తెరిచే ఉండాలి. కదిలింది చెరిగిపోతుంది, కదలనిది నిలుస్తుంది. సాయంత్రం మా ఫొటోగ్రఫీ క్లాసులో అందరి ఫొటోలూ గోడకి పెడుతున్నారు, నాది తప్ప. నాలో సగం వయసు వాళ్ళు, 'మీకెందుకు మేడం నలుపూ తెలుపూ, హాయిగా పువ్వులు తీసుకోండి' అంటున్నారు."

"పువ్వులే తియ్యి. కదలమన్నా కదలవు."

"వెటకారం ఒకటి. నిలబడండి. టైమెంతయిందో ఏమిటో, చూడాలంటే వంటింట్లోకి పరిగెత్తాలి. గడియారాల షాపాయన పెళ్ళాన్ని, చేతికి వాచీ లేదు."

"పార్టు రావాలన్నానుగా. బుల్లి వాచీ అది. ఎక్కడా దొరకట్లేదు."

"ఇంకా ఎన్నాళ్ళు? సరే, రిమోట్ నొక్కుతున్నా. కదలకండి."

"ఊఁ."

"మాట్లాడకండి కూడా... అయింది. చూద్దాం. అబ్బబ్బ. మళ్ళీ అదే."

"స్టాండు కాలు వదులుగా ఉందేమో."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. స్టాండు కదిలితే నా మొహమూ చెరగాలిగా. కంటికి అద్దం తగిలించుకుని వెంట్రుకంత స్ప్రింగు పట్టుకుంటారు. ఇంత కుర్చీ పట్టుకోవడం చేతకాదా?"

"చాల్లే ఇంక. షాపు తెరవాలి."

"ఒక్కటంటే ఒక్కటి. అటు వెలుగు పోయింది, ఇటు రండి. ఎడమ చెయ్యి పెట్టండి."

"ఎడమదెందుకు?"

"కిటికీ ఇటుంది కాబట్టి. పెట్టండి. ఊపిరి కూడా మెల్లగా... అయిపోయింది. హమ్మయ్య. గోళ్ళు కూడా కనపడుతున్నాయి. చూశారా, మనసు పెడితే ఎంత బాగా వచ్చిందో."

"వచ్చిందిగా. అదే ఇచ్చెయ్. నే వెళ్తా."

"ఆగండి."

"టైమైంది."

"ఆగమన్నానా. ఇందాకటివన్నీ చూస్తున్నా. అన్నిట్లోనూ కుడి చెయ్యే. మోచెయ్యి కదల్లేదు. చొక్కా మడత కదల్లేదు. మణికట్టు దాకా బానే ఉంది. అక్కణ్ణుంచే..."

"నీరసం. పొద్దున టిఫిను తినలేదు."

"తిన్నారు. నేనే పెట్టాను."

"తిన్నానా?"

"చెయ్యిలా ఇవ్వండి."

"వదులు, పనుంది."

"ఇవ్వండి. కుర్చీ మీద ఎలా పెట్టారో అలాగే నా అరచేతిలో పెట్టండి... ఎప్పణ్ణుంచి?"

"కాఫీ గ్లాసు ఎడం చేత్తో పట్టుకుంటున్నా. నువ్వే చూసుకోలేదు."

"ఫోన్ చూసుకుంటూ తాగుతున్నారేమో అనుకున్నా. మరి షాపులో చిన్న వాచీలు వస్తే?"

"వారం తరవాత రమ్మంటున్నా. వచ్చినవాళ్ళని మళ్ళీ రమ్మంటున్నా. గోడ గడియారాలకి బ్యాటరీలు మారుస్తున్నా."

"మరి నా వాచీ?"

"పార్టు ఎప్పుడో వచ్చింది. డ్రాయరులో ఉంది."