మూడో శుక్రవారం

మాదాపూర్‌లో ఓ ఐటీ టవర్. బాంబు పెట్టామంటూ మెయిల్ రావడంతో రెండు వేల మంది ఉద్యోగులు బయట పార్కింగ్ స్థలంలో నిలబడ్డారు. ఓ మూల సెక్యూరిటీ గార్డు పోచయ్య. గుంపును దాటుకుని అతని పక్కకు వచ్చింది ఇంజనీర్ రసజ్ఞ.

"ఇంక మీ అల్లుణ్ణి వదిలేస్తారు కదా పోచయ్యగారూ?"

"ఎట్ల ఇడుస్తరు మేడమ్?"

"అదేంటండీ! సురేష్ వారం నుంచీ జైల్లోనే ఉన్నాడు. ఇవాళ మళ్ళీ మెయిలొచ్చింది. అంటే పంపింది సురేష్ కాదనేగా!"

"నేను గూడ ఇందాక పోలీసోళ్ళతోని గదే అన్న. 'అయితే ఒక్కడు గాదు, గ్యాంగున్నట్టుంది' అన్నరు. ఇప్పుడు నా బిడ్డ ఫోను గూడ గావాల్నట."

"ప్రవళికదా? ఇక్కడే హౌస్‌కీపింగ్ చేసుకునే ఆమె ఏం చేసింది?"

"ఆని పెండ్లాం గదా. గదే తప్పు."

"దారుణమండీ."

"దారుణం సూడాల్నంటే పుప్పాలగూడల మా గల్లీకి రాండ్రి. సురేష్ ఫొటో కింద టెర్రరిస్టని రాసి ఫోన్లల్ల తిప్పుతున్నరు. కిరాయి ఇల్లు ఖాళీ చెయ్యమన్నరు. బడిల నా మనుమరాలి పక్కన ఎవ్వరు కూసుంటలేరు. రెండో తరగతి పిల్ల. 'తాతా, బాంబంటే మా నాయినేనా?' అని అడిగింది మేడమ్."

"అయ్యో... అలా అనకండి."

"నేననలే, పిల్ల అన్నది. సురేష్ అంటే ఎవరు? మీ ఫ్లోర్ల టీ మిషిను కడిగెటోడు. మెయిలంటే గూడ తెల్వది ఆనికి."

"మరి మెయిల్ పంపిన వైఫై అతని నంబరు మీద ఉందన్నారు..."

"మీకు తెల్వందేమున్నది? ఆఫీసు వైఫైల సొంత పనులు నడవయని మీరంత గెస్ట్ వైఫై వాడ్తరు. దానికి బయటోళ్ళ ఫోను నంబరు గావాలె. 'సురేష్, నీ నంబరు కొడుతున్న, ఓటీపీ చెప్పు' అంటరు. చాయ్ ఇచ్చుకుంట చెప్పేస్తడు. దినాం ఇరవై మంది. ఆ దినం ఎవరికి చెప్పిండో ఆనికే యాదిలేదు."

"నేనూ ఒకట్రెండుసార్లు... అంటే, అందరూ అడిగేవాళ్ళే కదండీ."

"ఔ, అందరు అడిగెటోళ్ళే. పోలీసులొచ్చి అడిగితె మాత్రం ఒక్కరు నోరిప్పలే."

"ఉద్యోగం పోతుందని భయమండీ. మా బాధ మీకు తెలీదు. మూడు నెలలుగా ప్రతి శుక్రవారం సాయంత్రం హెచ్ఆర్ నుంచి పిలుపు. వెళ్ళినవాడి ల్యాప్‌టాప్ అక్కడే లాక్కుని, అటునుంచి అటే బయటికి పంపేస్తారు. సీటు దగ్గరికి కూడా రానివ్వరు. శుక్రవారమంటే మా ఫ్లోర్‌లో ఎవరికీ అన్నం దిగదు. అది మాత్రం టెర్రర్ కాదా?"

"నాకు గవన్ని తెల్వయి గని... మెయిల్లు గూడ మూడు శుక్రారమే వచ్చినయి."

"ఏమో. నేను గమనించలేదు."

"జర ఆగుండ్రి, ఫోన్ జేస్కుంట... థూ, కలుస్తనే లేదు. ఇది ఐదోసారి."

"ఎవరికండీ?"

"ప్రవళికకు. మూడో బేస్‌మెంట్ల ఉన్నది."

"లోపలా? అందరూ వచ్చేశారట కదా! గేటు దగ్గర స్క్రీన్ మీద లోపల సున్నా అని చూపిస్తోంది!"

"గదంత కార్డులున్నోళ్ళ లెక్క. హౌస్‌కీపింగోళ్ళకు కార్డేడిది? ఏజెన్సీ రిజిస్టర్ల సంతకమే. క్యాంటీన్ల కూసోనియ్యరని కింద జనరేటర్ పక్కపొంటి కూసోని తింటరు. పనంత ఒడిసినంక, గీ యాళ్ళకే. ఆడ సిగ్నల్ రాదు, సైరన్ ఇనరాదు."

"ఎవరో ఒకరు వెళ్ళి తీసుకురావచ్చు కదా!"

"ఎట్ల పోతరు? కరెంటు బంద్ పెట్టిన్రు, షట్టర్ దించి తాళమేసిన్రు. గాలి ఫ్యాన్లు గూడ ఆగినయి. దానికి ఆయాసం మేడమ్. పీల్చే మందు సంచిల ఉన్నది, సంచి పైన లాకర్ల ఉన్నది."

"పోలీసులకు చెప్పారా?"

"కాళ్ళు మొక్కిన. బాంబు స్క్వాడ్ రావాల్నట, కుక్కలు రావాల్నట, పదకొండు అంతస్తులు సూడాల్నట. రెండు గంటలైతదట. అప్పటిదాంక షట్టర్ ముట్టద్దట."

"రెండు గంటలా? లోపల ఏం లేదండీ! తీయమనండి!"

"ఎవరు చెప్పిన్రని తీయమనాలె?"

"పోయిన శుక్రవారం ఏం దొరికింది? అంతకుముందు ఏం దొరికింది?"

"నేను గూడ గట్లనే అన్న. 'ఈసారి ఉంటే? పేలితే నువ్వు పూచీనా ముసలోడా?' అన్నరు. నేనేం పూచీ ఉంట మేడమ్?"

"పోచయ్యగారూ, లేదు. నాకు తెలుసు."

"ఎట్ల తెల్సు?"

"తెలుసు. అంతే."

"అంతే అంటే షట్టర్ లేవది."

"నేను... అది కాదు..."

"జల్ది చెప్పుండ్రి మేడమ్! ఇప్పటికే ఇరవై నిమిషాలైంది. దానికి ఊపిరి..."

"ఆపండి! నేనే పంపాను! మెయిల్ నేనే పంపాను, చాలా?"

"ఇయ్యాల్టిదా?"

"మూడూ. మొదటి శుక్రవారం నన్ను నాలుగున్నరకు హెచ్ఆర్ గదికి రమ్మన్నారు. సోమవారం నాన్నకు గుండె ఆపరేషన్. ఉద్యోగం పోతే ఆఫీసు ఇన్సూరెన్స్ కూడా పోతుంది. ఆ ఒక్క సాయంత్రం గడిస్తే చాలనుకున్నాను. రెండోసారి పిలిచేసరికి నాన్న ఇంకా ఐసీయూలోనే ఉన్నారు..."

"మరి ఇయ్యాల? ఇయ్యాల గూడ పిలిచిన్రా?"

"లేదు. ఇవాళ నాకోసం కాదు. సురేష్ జైల్లో ఉండగా మెయిలొస్తే అతన్ని వదిలేస్తారని... ఒట్టండీ. ఆ రోజు ఓటీపీ చెప్తూ 'చక్కెర తక్కువేనా మేడమ్' అని అడిగాడు. వారం నుంచీ నాకు నిద్ర లేదు."

"ఆనికి గూడ లేదు మేడమ్. నోరిప్పెటందుకు వారం సరిపోలేదా మీకు?"

"తప్పే. తర్వాత తిట్టండి, కొట్టండి. పదండి, పోలీసులకు నేనే చెప్తాను. ముందు షట్టర్ తీయిద్దాం. కదలరేంటి? లోపలున్నది మీ కూతురండీ!"

"నా బిడ్డ పొద్దుగాల్నే జైలు కాడికి ములాఖాత్‌కు పోయింది. మూడో బేస్‌మెంట్ల ఎవ్వరు లేరు."

"అబద్ధమా? నన్నింత భయపెట్టి..."

"వారం దినాల సంది నన్ను సూస్తె అందరు మొకం తిప్పుకుంటున్నరు. మీరొక్కరే రోజు గేటు కాడ ఆగి సురేష్ సంగతి అడిగిన్రు. గందుకే మీ మీద అనుమానమొచ్చింది. ఇగ ఎనకకు తిరుగుండ్రి మేడమ్, మఫ్టీల ఉన్న ఎస్సై జయంతి మేడమ్ మొదటి సంది ఆడనే నిలబడి ఇంటున్నరు."