సుద్దముక్కతో నేర్చుకున్న సంతకం

నా పేరు షేక్ మౌలాబీ. భర్త పేరు సుభానీ, ఇప్పుడు లేడు. వయసు నలభై ఆరు. వినుకొండలో కారం మిల్లు నడుపుతున్నాను. 1986 మార్చి పన్నెండో తేదీ ఉదయం పది గంటలకు నా అంతట నేను స్టేషనుకు వచ్చి ఈ సంగతులు చెబుతున్నాను. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం కాబట్టి మధ్యలో ఎవరూ ఉర్దూ నుంచి మార్చి చెప్పనక్కర్లేదు.

మిల్లు నా భర్త పెట్టాడు. లెక్కలు మొదటినుంచీ పేరయ్య అన్నయ్య చూసేవాడు. ఉట్టి పేరు చెబితే చాలని ఎస్సై గారు అంటున్నారు. ఇరవై ఏళ్ళు అన్నయ్యా అని పిలిచిన నోరు వెంటనే తిరగడం లేదు. మీరు ఎలా రాసుకున్నా సరే.

1981లో నా భర్త గుండె ఆగి చనిపోయాడు. లైసెన్సు నా పేరుకు మారింది. అప్పటికి నాకు వేలిముద్రే గతి. "మిల్లు ఓనరువి, నలుగురిలో వేలు నల్లగా చేసుకుంటే ఏం బాగుంటది చెల్లెమ్మా" అని పేరయ్య అన్నయ్యే సుద్దముక్క తెచ్చి, మిల్లు ఇనప తలుపు మీద నా పేరు రాసి, చెయ్యి పట్టుకుని దిద్దించాడు. నెల పట్టింది. ఒక్కరోజూ కసురుకోలేదు. సంతకం వచ్చిన రోజు నాకంటే ఎక్కువ సంబరపడి పనివాళ్ళందరికీ టీ ఇప్పించాడు. ఆ టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

కొత్త మిరపకాయ దిగిన రోజున మా మిల్లులో బెల్లం, పుట్నాలపప్పు పెట్టి ఫాతెహా చదివిస్తాం. అది అయ్యాక, సరుకు వెంట లారీలో వెళ్ళే వే బిల్లుల పుస్తకం మొత్తానికీ యజమాని ఒకేసారి సంతకాలు పెట్టాలి. అలా చేస్తే ఏడాదంతా సరుకు ఆగకుండా కదులుతుందని నా భర్త నమ్మకం. ఆయన పోయాక నేనూ అలాగే పెట్టాను. ఖాళీ బిల్లుల మీద ఎవరైనా సంతకం చేస్తారా అని ఎస్సై గారు అడుగుతున్నారు. మేం చేస్తాం. అది మాకు దువా, దేవుణ్ణి వేడుకోవడం కింద లెక్క. ఆ పుస్తకాన్ని పేరయ్య అన్నయ్య కళ్ళకద్దుకుని తీసుకునేవాడు.

మొన్న నవంబరులో పన్నుల ఆఫీసు వాళ్ళు వచ్చారు. మూడేళ్ళుగా నా మిల్లు పేరు మీద మద్రాసుకు లారీలకొద్దీ ఎండుమిర్చి వెళ్ళిందన్నారు. ఆ అమ్మకాలు లెక్కల్లో చూపలేదట, ఆ పాత పన్నంతా ఇప్పుడు నామీద వేస్తారట. నా మిల్లు ఈ ఊరి జనానికీ కిరాణా కొట్లకూ కారం ఆడుతుంది. మద్రాసు ఏ దిక్కునుందో కూడా నాకు తెలియదు.

పేరయ్య అన్నయ్యను అడిగాను. "కంగారుపడబాక. ఎవరో మన నంబరు వాడుకునుంటారు. ఇప్పుడు తగాదా పెట్టుకుంటే మిల్లు మూయిస్తారు. పాత పన్ను ఒప్పేసుకుంటే జరిమానా తీసేసి వాయిదాలిస్తారు. నేను మాట్లాడతాలే, ఇక్కడ సంతకం చెయ్యి" అన్నాడు. చేశాను. నాకు నా పేరు రాయడం ఒక్కటే వచ్చు, చదవడం రాదు. ఆయన అంతవరకే నేర్పాడు.

వాయిదాలేమీ ఇవ్వలేదు, జనవరిలో మిల్లుకు సీలు వేశారు. నేను పేరు దిద్దుకున్న ఆ ఇనప తలుపుకే వేశారు. వచ్చే నెల వేలమంటున్నారు. ఆఫీసుకు వెళ్ళి ఏడిస్తే అక్కడి అధికారి నేను సంతకం చేసిన కాగితం చదివి వినిపించాడు. ఆ అమ్మకాలన్నీ నేనే చేశానని, లెక్కలు రాసే మనిషికి ఏ సంబంధమూ లేదని అందులో ఉంది. ఆ చివరి మాట మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివాడు. అదే ఉంది.

లారీ డ్రైవరు నాగూర్ వలి మా వీధివాడే. "ఆ లోడ్లన్నీ నరసరావుపేటలో పేరయ్య గారి గోడౌన్లోనే ఎత్తుకున్నా పిన్నీ. బిల్లుల మీద నీ సంతకం చూసి నీకు తెలిసే జరుగుతుందనుకున్నా" అన్నాడు. పిలిస్తే మీ ముందు కూడా చెబుతాడు.

నిన్న సాయంత్రం ఆరింటికి పేరయ్య అన్నయ్య ఇంటికి వెళ్ళాను. "ఆ లోడ్లు నీవేనా అన్నయ్యా?" అని అడిగాను. తల ఎత్తలేదు.

"సంతకం నీదేగా చెల్లెమ్మా. నేనేమన్నా చెయ్యి పట్టుకుని పెట్టించానా?" అన్నాడు.

"చెయ్యి పట్టుకునే నేర్పావుగా" అన్నాను. నాకు మంచినీళ్ళు ఇమ్మని భార్యను కేకేశాడు. దాహంగానే ఉంది, కానీ తాగలేదు. ఇంక ఆ మనిషిని పేరయ్య అనే రాయండి.

పన్ను ఎగ్గొట్టిన మనిషి చేత కట్టించి నా మిల్లు నాకు ఇప్పించాలి. నాకు ఉన్నది అదొక్కటే.

ఇదంతా నాకు నిదానంగా చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఏదీ కలపలేదు. సంతకం వచ్చు కదా, పెట్టమ్మా అని ఎస్సై గారు పెన్ను ఇచ్చారు. వచ్చు. కానీ పెట్టను. ఇంకు తెప్పించమన్నాను. వేలిముద్ర నాకు ఎవరూ నేర్పలేదు.

షేక్ మౌలాబీ, ఎడమచేతి బొటనవేలి ముద్ర