కువైట్‌కి చెప్పిన కూరలు

బందరులో, పెరటి గుమ్మం దగ్గర అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని రొయ్యలు వలుస్తున్నారు. కువైట్‌లో ఓ ఇంట్లో పనిచేసి తిరిగొచ్చిన చెల్లెలు, అక్కడి బతుకు మీద రాస్తున్న పుస్తకాన్ని అప్పుడే అక్కకి చదివి వినిపించింది. అక్క ఏమంటుందోనని చెల్లెలికి లోపల గుబులుగానే ఉంది.

“అంతా బాగానే ఉంది గానీ, నువ్వు తిన్న తిండి గురించి ఒక్క ముక్కా లేదేమే?”

“కావాలనే రాయలేదక్కా. కడుపు నిండా తింటున్నానని ఫోన్‌లో చెప్పేదాన్ని. నువ్వేమో వీధంతా చెప్పుకున్నావు. ఇప్పుడు ఆ ఇంటివాళ్ళు తినగా మిగిలిందే పెట్టేవాళ్ళని రాస్తే, నీ మాటేం కాను?”

“నేను నమ్మితే కదా.”

“నమ్మలేదా?”

“ఫోన్ చేస్తే చాలు, ఏం కూర వండావని అడిగేదానివి. ఎలా వండానో పోపుతో సహా చెప్పించుకునేదానివి. కడుపు నిండినవాళ్ళు అట్లా అడుగుతారా?”

చెల్లెలు వలిచిన రొయ్యని గిన్నెలో వేసింది.

“నిజమే. నువ్వు గోంగూర రొయ్యలు చెప్పిన రోజు, ఆ మాటలే తలుచుకుంటూ ఎండిపోయిన రొట్టె తినేశాను. పోనీ, అది రాయనా?”

“రాయి. కాకపోతే ఆ రోజు మేం తిన్నది గోంగూర రొయ్యలు కాదు.”

“మరి?”

“మజ్జిగన్నం. నువ్వంత ఆశగా అడుగుతుంటే ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. వింటేనైనా కాస్త కడుపు నిండుతుందని, అప్పటికప్పుడు నోటితోనే వండేశాను. రాస్తే ఇద్దరి అబద్ధాలూ రాయి.”