మడత లోపల నంబరు

వీధి మలుపులో ఒంటిగది కుట్టు దుకాణం. పొద్దున పదకొండు దాటింది. దర్జీ అక్క పెదాల మధ్య రెండు గుండుసూదులు పట్టుకుని కూడా గంటసేపు మాట్లాడగలదు. గుమ్మం బయట చెప్పులు విప్పి, తెర వెనక కొలతలకు నిలబడినావిడ కొత్త ముఖం. మాటను పొదుపుగా వాడే రకం.

"చేతులు ఎక్కడిదాకా అన్నావ్?"

"మణికట్టు దాకా అక్కా."

"ఈ ఎండల్లోనా?"

"మణికట్టు దాటినా పరవాలేదు."

"దాటితే దాన్ని గౌను అనరు తల్లీ, దుప్పటి అంటారు. సరే, చెయ్యి చాపు. ఇంకొంచెం పైకి. ఇంకొంచెం... భుజం లేవట్లేదేం?"

"లేస్తుంది. మెల్లిగా లేస్తుంది."

"పడ్డావా?"

"మెట్ల మీద."

"మీ ఇంటికి ఎన్ని మెట్లు?"

"అంటే?"

"మెట్లు. ఎన్నని."

"మాది... మాది కిందిల్లే అక్కా."

"మరి మెట్లెక్కణ్ణించి వచ్చాయి?"

"కొలత తీసుకోండక్కా. నాకు టైము లేదు. పన్నెండింటికల్లా ఇంట్లో ఉండాలి."

"ఉండు ఉండు. ఇలాంటప్పుడు చదవమని ఒక కాగితం ఇచ్చారు నాకు. కళ్లజోడేదీ... నెత్తి మీదే ఉంది చూడు. ఆఁ, 'కొలతలు తీసేటప్పుడు అడగవలసిన మూడు ప్రశ్నలు.' నవ్వుతూ అడగాలట. నవ్వుతున్నానా?"

"నోట్లో సూదులున్నాయి."

"తీసేశాను. ఇప్పుడు?"

"నవ్వుతున్నారు."

"'ఒకటి. ఇంట్లో మీకు భయంగా ఉంటుందా?'"

"ఈ కాగితం ఎవరిచ్చారు?"

"నేనడిగితే నువ్వు జవాబు చెప్పాలి గానీ, నువ్వూ నేనూ ఇద్దరం అడుగుతూ కూర్చుంటే ఎలాగమ్మా? పోయిన నెల కాలనీ హాల్లో మీటింగు పెట్టారు. ఇళ్లల్లో ఆడవాళ్లు తినే దెబ్బల గురించి. దర్జీల్ని, జుట్టు కత్తిరించేవాళ్లని, నర్సుల్ని, అందర్నీ పిలిచారు. ఒంటి మీద చెయ్యేసి పనిచేసేది మీరే, ముందు తెలిసేదీ మీకే అని. నువ్వు రాలేదా?"

"నన్ను పంపరు."

"అయ్యో, వచ్చుండాల్సింది. ఆ మీటింగు పెట్టించిన వకీలు గారు మాట్లాడుతుంటే హాలంతా ఒకటే ముక్కు చీదుడు. ఆయనే కళ్లజోడు తీసి రెండు సార్లు తుడుచుకున్నారు. 'పక్కింట్లో ఏడుపు వినబడితే అది మీ ఇంటి ఏడుపే' అన్నారు. అందరం చెయ్యెత్తి ప్రమాణం చేశాం, ఇక మీద ఊరుకోమని."

"మా పక్కింటివాళ్లు కూడా ఎత్తారట."

"మంచిదేగా?"

"మంచిదే. ఇప్పటికీ టీవీ సౌండు పెంచుతూనే ఉన్నారు."

"వాళ్ల సంగతి వదిలెయ్. ఇటు చూడు, ఇది నా సొంత తెలివి. వేలెడంత గుడ్డ ముక్క. దీని మీద వకీలు గారిచ్చిన సాయం నంబరు అచ్చు వేయించాను. గౌను కింద మడత లోపల పెట్టి కుట్టేస్తా. ఫోన్లో దాచుకుంటే మొగుడు చూస్తాడు, పర్సులో పెట్టుకుంటే అత్త చూస్తుంది. మడత విప్పి చూసే మొగుడు భూమ్మీద పుట్టలేదు. వాళ్లకి చొక్కా గుండీ ఊడిందని తెలియడానికే వారం పడుతుంది."

"ఎంతమందికి కుట్టారక్కా?"

"నలభై మందికి. కాదు, నలభై ఒకటి. కొలతల పుస్తకంలో పేర్లన్నీ ఉన్నాయి. ఆ తర్వాతి మీటింగులో వకీలు గారు స్టేజీ మీదికి పిలిచి చప్పట్లు కొట్టించారు. ఆ పేర్లు ఒక కాగితం మీద రాసిమ్మన్నారు, కనిపెట్టుకుని ఉంటామని. కూర్చుని ముత్యాల్లాగా రాసిచ్చాను."

"ఆ కాగితం మీరు రాసిచ్చిందేనన్నమాట."

"ఏంటీ?"

"ఏం లేదు. ఆ నంబరుకి ఎవరైనా చేశారా?"

"చేశారా అని మెల్లిగా అడుగుతావేం! మా పిచ్చుక చేసింది. మా అక్క కూతురు. అక్క పోయాక నా చేతుల మీదే పెరిగింది. పిడికెడు మనిషి, అందుకే ఆ పేరు. మొగుడు లారీలు బాగుచేస్తాడు. పోయినేడు పన్ను రాలగొట్టాడు, మొన్న గొంతు పట్టుకున్నాడు. ఇక్కడే, ఈ బల్ల మీద కూర్చుని ఫోను చేసింది. నేనే నొక్కించాను. వకీలు గారు ఆ సాయంత్రానికి గది చూసిపెట్టారు. పన్నెండు రోజులైందమ్మా. పన్నెండు రోజుల్నుంచి నేను కడుపు నిండా తింటున్నాను."

"ఎక్కడుందో మీకు తెలుసా?"

"తెలీదు. 'నీకు తెలిస్తే నీ నోట్లోంచి జారుతుంది' అన్నారు. నిజమే, నా నోటికి తలుపుల్లేవు. ఆ గది సంగతి ఇద్దరికే తెలుసు, దానికీ, ఆయనకీ. సరే గానీ, రెండో ప్రశ్న..."

"ఆమెకి ఫోనుందా?"

"ఉంది. అయినా ఎందుకూ?"

"చెయ్యండి."

"నువ్వెందుకు అడుగుతున్నావ్?"

"అక్కా, చెయ్యండి ముందు."

"ఆగు. నువ్వు ఏ వీధి? ఎన్నడూ చూళ్లేదు నిన్ను. వచ్చిన దగ్గర్నుంచీ గౌను మీద ధ్యాసే లేదు, ఎంతమంది, ఎక్కడుంది, ఫోనుందా... వాడు పంపాడా నిన్ను? ఆ లారీవాడు? నిజం చెప్పు, కత్తెర నా చేతిలోనే ఉంది."

"నన్నెవరూ పంపలేదు."

"మరి ఈ గౌను?"

"గౌను వంక. ఇంట్లోంచి బయటపడాలంటే ఏదో ఒక వంక కావాలి కదక్కా. వకీలు గారు..."

"ఆయన పేరెత్తకు. దేవుడాయన."

"ఆయన భార్యని నేను."

"పో అమ్మా! ఆయన భార్యకి ఒంట్లో బాగోదు. మంచం దిగదు. ఆయనే చెప్పారు."

"నా గురించి అలాగే చెబుతారు."

"మరి ఆ భుజం?"

"ఆయనే. మీటింగు రోజు రాత్రి. హాల్లో కాఫీ చల్లారిపోయిందట, ఆ కోపం ఇంటికి తెచ్చారు."

"అబద్ధం. అబద్ధమమ్మా. అంతమంది ముందు కన్నీళ్లు పెట్టుకున్న మనిషి... అదంతా నటనంటావా?"

"నటన కాదక్కా. నిజంగానే ఏడుస్తారు. నా దగ్గర కూడా ఏడుస్తారు, కొట్టడం అయ్యాక."

"అమ్మగారూ... నేను మిమ్మల్ని పట్టుకుని నువ్వు నువ్వు అంటున్నానే..."

"నువ్వనే అనండి. బావుంది వినడానికి."

"కూర్చో. కూర్చుని చెప్పు."

"మీరు మడతల్లో కుట్టిన నంబరు మా ఇంట్లోనే మోగుతుంది. ఆయన బల్ల మీద, వేరే ఫోను. ఎత్తి, అమ్మా తల్లీ అని ఎంతో ఓపిగ్గా వింటారు. పేరు, ఇల్లు, ఎప్పుడు బయటికొస్తుంది, ఎవరింటికి వెళ్తుంది, అన్నీ రాసుకుంటారు. పెట్టేశాక మొగుడికి చేస్తారు."

"మొగుడికా?"

"'సంసారం వీధిన పడకముందే చక్కబెట్టుకో' అని. ఆయన దృష్టిలో అదే సాయం. ఒక్క ఇల్లు కూడా కూలనివ్వలేదని ఆయనకి గొప్ప. మీరిచ్చిన కాగితంలో పేర్ల పక్కన మొగుళ్ల నంబర్లు వేసుకున్నారు. రోజుకి ముగ్గురు. 'మీ ఆవిడ గౌను మడత ఒకసారి చూసుకో నాయనా' అంటారు."

"నా కాగితమా? నేను రాసిచ్చిందా?"

"ఇప్పటికి పంతొమ్మిది టిక్కులు పడ్డాయి."

"బేకరీ పిల్ల కుట్టుకూలి ఎగ్గొట్టి రావడం మానేసిందనుకున్నాను... బడి ఆయా ఎదురుపడి మొహం తిప్పుకుపోయింది, పొగరనుకున్నాను... నా చేత్తో, నా చేత్తోనే కదమ్మా కుట్టాను!"

"అక్కా, తర్వాత ఏడుద్దాం. ఈ పొద్దున లారీ ఆయన మా ఇంటికి వచ్చాడు."

"ఎవరూ?"

"మీ పిచ్చుక మొగుడు. మా ఆయనే పిలిపించారు. టీ నేనే ఇచ్చాను. 'పన్నెండు రోజులు చాలు, ఆమె కోపం దిగుంటుంది, వెళ్లి తీసుకొచ్చుకో. చెయ్యి మాత్రం అదుపులో పెట్టుకో' అన్నారు. చీటీ రాసిచ్చారు. కప్పులు తీస్తూ చదివాను. పాత బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనక, రెండో అంతస్తు, ఆకుపచ్చ తలుపు."

"ఎన్నింటికి ఇది?"

"ఎనిమిదింటికి."

"ఇప్పుడు పదకొండున్నర!"

"మా ఆయన పదింటి దాకా ఇల్లు కదల్లేదు. కదలగానే బయల్దేరాను. మీ దుకాణం ముందు నుంచి రెండు సార్లు అటూ ఇటూ నడిచాను."

"లోపలికి రావడానికేమైంది?"

"గోడ మీద మీరు ఆయన పక్కన నిలబడి దిగిన ఫొటో ఉంది. బయటికే కనబడుతోంది. మీరు ఆయన మనిషనుకున్నాను. కాదని నమ్మకం కుదిరేదాకా..."

"వచ్చాకైనా చెప్పకూడదూ! మణికట్టు, మెట్లు అంటూ ఎంతసేపు..."

"మీరు ప్రశ్నలు చదువుతున్నారు కదా అక్కా."

"ఇదిగో, చింపేశాను ఆ కాగితం."

"ఫోను చెయ్యండి."

"చెయ్యొద్దన్నారు. మాట్లాడితే జాడ తెలిసిపోతుందని... ఆయనే అన్నారు. ఛీ, ఇంకా ఆయన మాటే పట్టుకుని వేలాడుతున్నాను. మోగుతోంది. ఎత్తు, ఎత్తవే తల్లీ... ఎత్తట్లేదు."

"మళ్లీ చెయ్యండి."

"మోగుతోంది... కట్ చేశారు. ఎవరో కట్ చేశారమ్మా."

"ఇంకోసారి."

"ఇప్పుడు అసలు మోగట్లేదు. పోలీసులకి చేస్తాను."

"ఎవరికి? స్టేషన్లో మూడు ప్రశ్నల కాగితం పంచింది ఆయనే. అక్కణ్ణించి ముందు ఆయనకే వస్తుంది కబురు. పోయినేడు నేను వెళ్తే ఆయనకే కబురు చేసి అప్పగించారు. జీపులో తెచ్చి దింపారు, మర్యాదగా."

"అయితే మనమే పోదాం. పక్క కొట్టు గడియారాలాయనకి బండి ఉంది. ఆయనా చెయ్యెత్తాడు ప్రమాణానికి, ముందు వరసలో కూర్చుని! అన్నా! గడియారాలన్నా! ఒక్కసారి మీ బండి... మా పిచ్చుకని ఆ లారీవాడు... ఏంటీ? మొగుడూ పెళ్లాల మధ్యకి మనమెందుకా? అన్నా, నువ్వు... అన్నా!"

"షట్టరు దించేశాడా?"

"సగం దించాడు. పూర్తిగా దించితే బేరం పోతుందిగా."

"నడిస్తే ఎంతసేపు అక్కడికి?"

"ముప్పావు గంట. పద, నడుద్దాం. నువ్వొద్దులే, నువ్వు ఇంటికి పో. నీకు టైము అయిపోతోంది. నీ దాకా రాకూడదిది."

"నేను కూడా వస్తాను."

"ఆ భుజంతో ఏం చేస్తావ్?"

"ఇంకో చెయ్యి ఉందిగా."

"పిచ్చిదానా... అదిగో, ఫోను! పిచ్చుకే! పిచ్చుకే చేస్తోంది... కాదు. వకీలు గారు."

"ఎత్తకండి."

"ఎత్తకపోతే అనుమానం రాదూ?"

"స్పీకరు పెట్టండి. నేను ఊపిరి కూడా గట్టిగా తీయను."

"హలో... నమస్కారమండీ వకీలు గారూ."

"ఏమ్మా, బాగున్నావా? తీపి కబురు. మీ పిల్ల ఇల్లు చేరింది. మొగుడే స్వయంగా వెళ్లి పిలుచుకొచ్చుకున్నాడు. గంట దాటింది."

"గంట... దానితో ఒక్క మాట మాట్లాడొచ్చాండీ?"

"ఇప్పుడొద్దమ్మా. పడుకుందట."

"పగలు పడుకోదండీ అది. చిన్నప్పట్నుంచీ పడుకోదు."

"అలిసిపోయి ఉంటుంది. లేపినా లేవట్లేదని అతను అంటున్నాడు, నిద్రపోనీ అన్నాను. ఇకనుంచి వాళ్ల జోలికి ఎవరం వెళ్లొద్దు. అన్నట్టు వచ్చే మీటింగులో నువ్వు రెండు ముక్కలు మాట్లాడాలి. తెగిపోయిన సంసారాన్ని దర్జీ మళ్లీ కుట్టిందని పేపరువాళ్లకి కూడా చెప్పాను. వింటున్నావామ్మా?"

"వింటున్నానండీ."

"ఏడుస్తున్నావా? ఆనందమేలే, నాకూ అలాగే ఉంది. సరే గానీ, మా ఆవిడ గానీ నీ దగ్గరికి వచ్చిందా? ఒంట్లో బాగోదు కదా, మందులేసుకోకుండా ఎటో వెళ్లిపోయింది."

"లేదండీ. పొద్దుట్నుంచీ ఒక్క మనిషి గుమ్మం తొక్కలేదు. ఒక్కదాన్నే కుట్టుకుంటున్నాను."

"మిషను చప్పుడు వినబడట్లేదే?"

"దారం తెగిందండీ. ఎక్కిస్తున్నాను."

"మంచిది, మంచిది. మరి నేను నిలబడ్డ ఈ గడప బయట మా ఆవిడ చెప్పులెందుకున్నాయమ్మా?"