ఖాళీ కుర్చీకి ఓటుండదు

ఓటింగుకు గంట కొట్టారు. అంతర్జాతీయ మండలి సభామందిరం గుమ్మంలో రాయబారి ఇంకా ఫోను చెవిన పెట్టుకునే ఉన్నాడు. పక్కనే అతని సహాయకురాలు ఫైళ్లు పట్టుకుని నిలబడింది.

“రాజధానిలో ఏమన్నారు సార్?”

“ఒక్కడూ ఫోనెత్తి చావడు. శాంతిసేనను ఇంకో ఏడాది ఉంచమంటే అందులో ఉన్న మన కుర్రాళ్లు ఆ పరాయి దేశంలోనే ఇరుక్కుంటారు. వద్దంటే మన మంచినీళ్ల పథకానికి పెద్ద దేశాలు ఇస్తామన్న సాయం గోవిందా!”

“కాఫీకి వెళ్లిపోదాం సార్. కుర్చీ ఖాళీగా ఉంటే ఎటూ ఓటేసినట్టు కాదు. అందరూ చేసేదేగా!”

“ఒక్క ఓటు మీద ఆగిందమ్మా. మనం కాఫీ తాగితే సేన వెనక్కొచ్చేస్తుంది. మీ తమ్ముడు అందులోనే ఉన్నాడు కదూ?”

“ఉన్నాడు సార్.”

“ఏమంటాడు?”

ఆమె తలొంచుకుంది. “శిబిరం కంచె పక్కనే జనం పిల్లాజెల్లాతో పడుకుంటున్నారట. మేం కదిలితే వీళ్లకి దిక్కెవరక్కా అంటాడు.”

“నువ్వేమన్నావు?”

“నోర్మూసుకుని వచ్చెయ్యరా అన్నాను.”

రాయబారి ఫోను జేబులో పెట్టుకున్నాడు. “పద, కూర్చుందాం. ఉంచమనే ఓటేద్దాం.”

అంతలో ఆమె ఫోను మోగింది.

“మా అమ్మ సార్. ఏం చెప్పను?”

“రాజధాని వాళ్లలాగే నువ్వూ ఎత్తకు.”